తోడుకునే లోపు

డబ్బాలోకి దూరే ముందు ఎల్లాజీ చెప్పులు విప్పి గుమ్మానికి దణ్ణం పెట్టాడు. అదేం గుడి కాదు. పడవంత పొడుగున్న ఇనుప గొట్టం, దానికి మందపాటి గాజు కిటికీలు, లోపల ఒక మంచం, ఒక స్టూలు. అయినా మైలపల్లి వాళ్ళింట పుట్టినవాడు దేంట్లోకి ఎక్కినా, తెప్ప కానీ ఇంజను బోటు కానీ, దణ్ణం పెట్టకుండా ఎక్కడు. చంకలో అమ్మ ఇచ్చిన ఎండు రొయ్యల పచ్చడి సీసా ఉంది.

"సీసా మూత వొదులు సేసి పెట్టు. గట్టిగా బిగిత్తే లోపల ఒత్తిడికి పగిల్పోద్ది," అంది అక్క పైడమ్మ.

"మరి నాకేటి వొదులు సెయ్యాలప్పా?"

"నీకేటీ అక్కర్నేదు. నీ నోరు పుట్టినకాడ్నించీ వొదులే."

భీమిలి ఒడ్డున ఉన్న ఆ ప్రయోగశాలలో అందరూ పైడమ్మని డాక్టరుగారూ అంటారు. పెద్ద మీటింగుల్లో ఆమె పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడుతుంది. తమ్ముడు ఎదురుపడితే మాత్రం జాలరిపేట భాష దానంతటదే వచ్చేస్తుంది. ఆ పూట మేకల మీద పనిచేసిన మందుని మొదటిసారి మనిషికి ఇచ్చింది. ఆ మనిషి ఎల్లాజీ. ఒద్దురా అంటే వినలేదు. "మేక కంటే నాను తీసిపోనానా" అన్నాడు.

"ఎల్తానప్పా," అని వంగి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె ఒత్తిడి ముల్లు చూస్తూ తల ఊపింది. తలుపు మూసుకుంది.

ఎల్లాజీ ఒకప్పుడు మునిగిపోయిన ఓడల అడుగుకి దిగి ఇనుము కోసే పని చేసేవాడు. ఒకరోజు నీళ్ళ కింద గాలి గొట్టం మెలిపడింది. కంగారులో ఒక్క ఊపున పైకి వచ్చేశాడు. లోతులో ఒత్తిడికి ఒంట్లో కరిగి ఉన్న గాలి, గోలీ సోడా కొట్టినట్టు బుడగలై పొంగింది. ప్రాణం దక్కింది కానీ ఎడమ తుంటి ఎముకకి నెత్తురందక అది చచ్చిపోయింది. ఆనాటి నుంచి నొప్పి పిలవని చుట్టంలా వచ్చి తిష్ట వేసింది. వయసులో ఉన్న కుర్రాడు ముసలాడిలా కుంటడం పేటంతా చూసింది. రాత్రుళ్ళు దుప్పటి నోట్లో కుక్కుకోవడం అక్క ఒక్కతే చూసింది. అప్పటికి డాక్టరీ చదువుతున్న పైడమ్మ మిగతా జబ్బులన్నీ ఒదిలేసి ఈ బుడగల వెనక పడింది.

ఆమె కనిపెట్టిన మందు సంగతి చెప్పాలంటే అంత కష్టమేమీ కాదు. మన నెత్తిన గాలి బరువు ఎప్పుడూ ఉంటుంది. బయట నుంచి అది ఎంత తోస్తుందో లోపల నుంచి మన ఒళ్ళూ అంతే తోస్తుంది కాబట్టి మనకి తెలియదు, నలిగిపోము. ఒత్తిడి ఒక్కసారిగా మారితే ఈ లెక్క తప్పుతుంది. పైడమ్మ మందు ఒంటికి ఆ లెక్క చకచకా సరిచేసుకోవడం నేర్పుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఎక్కువ కాలం ఒకే లోతు ఒత్తిడిలో ఉంచిన మేకల ఒళ్ళు ఆ ఒత్తిడి దగ్గరే ఆగిపోయింది. మామూలు గాలిలోకి తెస్తే అవి బతకలేదు. దానికి కాగితాల మీద ఒక పెద్ద ఇంగ్లీషు పేరుంది. ల్యాబులో మాత్రం అందరూ "తోడుకోవడం" అనేవారు. పాలు తోడుకునే లోపు ఏమైనా చేయొచ్చు. పెరుగయ్యాక పాలు కమ్మంటే అవుతాయా?

వాల్వు దగ్గర కూర్చున్న శామ్యూల్ గాలి ఒదిలాడు. శామ్యూల్ నోటిమాటకన్నా చేతిపనికి ఎక్కువ అలవాటు పడిన మనిషి. డబ్బా బుసకొట్టింది. లోపల వేడి పెరిగి ఎల్లాజీకి చెమటలు పట్టాయి.

"ముక్కు మూసుకుని సెవుల్లోకి ఊదు. ఇంకా. ఇంకా," అంటోంది పైడమ్మ మైకులో.

లోపల హీలియం కలిపిన గాలి. ఆ ఒత్తిడిలో మామూలు గాలి పీలిస్తే కల్లు తాగినట్టు మత్తెక్కుతుంది. హీలియంతో మత్తు రాదు గానీ గొంతు బాతు గొంతైపోతుంది. గొంతు సరిచేసే యంత్రం ఒకటి ఉంది. శామ్యూల్ అది తిప్పేలోపే ఎల్లాజీ బాతులా అరిచాడు.

"అప్పా! నొప్పేదీ?"

"ఎక్కడ్రా నొప్పి? సెవుల్లోనా?" ఆమె మైకు మీదికి వంగింది.

"అదే అడుగుతన్నాను. ఎక్కడా? కనపడ్డం నేదు!"

అతను ఎడమ కాలి మీద నిలబడ్డాడు. ఆ కాలి మీదే గెంతాడు. తర్వాత తప్పెటగుళ్ళ వాళ్ళలా రెండు చేతులూ గుండెకి కొట్టుకుంటూ ఆ ఇరుకు గొట్టంలో చిందేశాడు. ఇది పైడమ్మ ఊహించింది కాదు, మేకలు చెప్పింది కాదు. ఆమె కిటికీకి వీపు తిప్పి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. శామ్యూల్ మర్యాదగా ముల్లు చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం నాడు అమ్మ నూకాలమ్మ, పైడమ్మ కూతురు ముత్యాన్ని తీసుకుని చూడటానికొచ్చింది. ముత్యానికి మూడేళ్ళు నిండుతున్నాయి. మేనమామ గొంతు విని పకపకా నవ్వింది.

"బాతు మావయ్యా! ఈలెయ్యి!"

ఆ ఇంట్లో ఈలకి ఒక చట్టం ఉంది. చలికాలం మంచు పట్టిన తెల్లవారుల్లో తెప్ప మీదున్న ఎల్లాజీ తండ్రికి ఒడ్డు కనపడేది కాదు. రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల వేసేవాడు. ఒడ్డున పిల్లలిద్దరూ అలాగే జవాబు వేయాలి. నిద్ర వస్తున్నా, చలికి పళ్ళు కొట్టుకుంటున్నా వేయాల్సిందే. ఈల విని జవాబివ్వనివాడు మనిషే కాదని తండ్రి అనేవాడు. ఒక్కసారి మాత్రం పిల్లలు వేసిన ఈలకి సముద్రం మీద నుంచి జవాబు రాలేదు. ఆ తర్వాత తండ్రి ఫొటోకి దండ పడింది. అప్పటి నుంచి ఎల్లాజీ ఎవరి ఈలనీ ఖాళీగా పోనివ్వడు. వీధి చివర పాలవాడు ఈల వేసుకుంటూ పోయినా ఇంట్లోంచి జవాబు వేసేవాడు.

ఇప్పుడు పెదాలు సున్నా చుట్టి ఊదాడు. గాలి వచ్చింది. ఈల రాలేదు. మళ్ళీ ఊదాడు. తుస్సుమంది.

"ఆ ఒత్తిడిలో గాలి బరువెక్కువమ్మా, ఈల రాదు," అంది పైడమ్మ కూతురితో.

"మావయ్య ఈల పాడైపోయింది," అని ముత్యం తేల్చేసింది. ఎల్లాజీ నవ్వాడు గానీ కాసేపటిదాకా కిటికీ దగ్గరికి రాలేదు.

నూకాలమ్మ మాత్రం వచ్చిన పని మర్చిపోలేదు. "పున్నం ఎల్లినాక శుక్రారం ముత్యం గుంటకి సెవులు కుట్టిత్తన్నాను. కంసాలికి సెప్పీసినాను. మేనమావ ఒళ్ళో కూకోబెట్టాల. ఆ యేలకి ఈ డబ్బాలోంచి బయటపడు. పోగులు ముందే సేయించి నాకాడ పెట్టీసినావు, ఇంక నీ ఒళ్ళే తక్కువ."

"సూద్దాంలేయే అమ్మా," అన్నాడు ఎల్లాజీ.

మంగళవారం పొద్దున లోపలికీ బయటికీ వస్తువులందించే చిన్న కిటికీ పెట్టెలోంచి వచ్చిన నెత్తుటి చుక్కని పైడమ్మ సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చూసింది, అద్దం తుడిచి మళ్ళీ చూసింది. మేకల్లో బాగా ఆలస్యంగా మొదలైన తోడు ఇతనిలో అప్పుడే మొదలైంది. ఆమె పరుగున మైకు దగ్గరికి వెళ్ళింది.

"ఇయ్యాలే ఒత్తిడి దించి పైకి తెచ్చేత్తాను. రేపు సాయంత్రం దాటితే కుదరదు."

"ఇంకొన్నాళ్ళుంటానప్పా. నీ ప్రయోగం సగంలో ఆపీయకు."

ఆమె తమ్ముడి మంచితనానికి పొంగిపోయింది. తెలివైనవాళ్ళు ఇంటివాళ్ళ విషయంలోనే ఎక్కువ పొరపాటు పడతారు. ప్రయోగశాల డైరెక్టరుగారు కూడా అక్కడే ఉన్నారు. "ఆయనకి అభ్యంతరం లేకపోతే ఉండనివ్వండి డాక్టర్. లోతుకి శాశ్వతంగా అలవాటు పడిన మొదటి మనిషి అంటే చరిత్రే," అన్నారు.

"చరిత్రకి మా తమ్ముడే దొరికాడాండీ?" అని పైడమ్మ గట్టిగానే అంది. కానీ అతను ఎందుకు ఉంటానన్నాడో ఆమెకి అప్పటికీ తట్టలేదు. రేపటిదాకా గడువుంది కదా, మెల్లగా నచ్చజెప్పొచ్చనుకుని బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో ముత్యం బంతి చంకనేసుకుని పక్కింటికి బయల్దేరుతోంది. "నానెల్తన్నా," అని అరిచింది గడపలోంచి.

నూకాలమ్మ వంటింట్లోంచి చేపల కత్తి పట్టుకునే వచ్చేసింది. "ఓలమ్మ, ఆ మాటేటే! ఎల్లిపోయినోలు అంటారా మాట. ఎల్లొత్తానను. తిరిగొచ్చే గుంటవి గదా నువ్వు? అను."

"ఎల్లొత్తా," అంది ముత్యం.

బ్లౌజు హుక్కు పెట్టుకుంటున్న పైడమ్మ చేతులు ఆగిపోయాయి. తలుపు మూసుకునే ముందు విన్న మాట ఇప్పుడు చెవిలో పడింది. ఎల్తానప్పా. చిన్నప్పుడు బడికి పోతూ కూడా ఎల్లొత్తానని చెప్పినవాడు. ఓడల అడుగుకి దిగే రోజుల్లో ఒక్కోసారి రెండుసార్లు చెప్పి దిగినవాడు. పోగులు ముందే చేయించి అమ్మ దగ్గర పెట్టినవాడు. వాడు ఆమె ప్రయోగం కోసం డబ్బాలోకి వెళ్ళలేదు. తోడుకోవడం గురించి ఆమే వాడికి అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. అది విన్నాకే ఒప్పుకున్నాడు. లోపల నొప్పి ఉండదని మాత్రం వాడికీ తెలిసుండదు. బయట బతకడం ఇక చాలనుకున్నాడు, అంతే. వెళ్ళాక లోపల హాయిగా కూడా ఉంది. ఇంకెందుకు వస్తాడు?

ల్యాబుకి వెళ్ళి శామ్యూల్‌ని టీ తాగి రమ్మని పంపేసింది. గొంతు సరిచేసే యంత్రం ఆపేసింది.

"ఎందుకప్పా ఆపీసినావు? బాతులాగ ఇనపడతాను."

"నీ గొంతు కావాల నాకు. మెషీను సెప్పింది నాకొద్దు. ఇందులోకి ఎల్లినప్పుడు ఏటన్నావురా?"

"ఏటన్నాను?"

"ఎల్తానన్నావు. ఎల్లొత్తానన్నేదు."

లోపల ఎల్లాజీ పచ్చడి సీసా మూత బిగించి, మళ్ళీ ఒదులు చేశాడు.

"మర్సిపోనాననుకో."

"నీ పేరు మర్సిపోతావు గాని అది మర్సిపోవు నువ్వు."

ఎల్లాజీ కిటికీ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "అప్పా, నానిక్కడ ఎడం పక్కకి తిరిగి తొంగుంటన్నాను. ఎడం పక్కకి తిరిగి ఎన్నాళ్ళయిందో తెలుసా? బయట గాలి అందరి మీదా తోత్తాదని నువ్వే సెప్పినావు. లోపల్నించి మనమూ తోత్తామన్నావు. నా లోపల తోయడానికేటీ మిగల్నేదప్పా. అయిపోనాను."

ఇంతటి మాటని బాతు గొంతుతో అన్నాడు. పైడమ్మ ఏడుస్తున్నదల్లా ఉన్నట్టుండి ఫక్కున నవ్వేసింది. నవ్వినందుకు సిగ్గుపడి నోరు మూసుకుంది. ఎల్లాజీకి కూడా నవ్వొచ్చింది. ఇద్దరూ చెరో పక్కన గాజుకి నుదురు ఆనించి, నవ్వో ఏడుపో తెలియకుండా చాలాసేపు ఊగిపోయారు.

"ఈ వాల్వు నా సేతిలో ఉంది," అంది చివరికి. "తిప్పీగల్ను. నిన్ను ఈడ్సి పడెయ్యగల్ను. సెయ్యను. నీ ఒళ్ళు, నీ ఇట్టం. కాకపోతే రేపు సాయంత్రం దాటితే నీ ఇట్టం కూడా సెల్లదు."

"ఉండిపోతే కోప్పడవా?"

"కోప్పడతాను. రోజూ వొచ్చి ఈ అద్దం కాడ కూకుని కోప్పడతాను. ముసిల్దాన్నయ్యాక కర్ర పొడుసుకుంటా వొచ్చి మరీ కోప్పడతాను."

"బయటికొత్తే నొప్పికి మందిత్తావా?"

ఊఁ అంటే చాలు, వాడు వచ్చేస్తాడు. అది ఆమెకి తెలుసు. "ఎతుకుతాను. దొరుకుద్దని మాటివ్వలేను," అంది. ముత్యం చెవుల సంగతి ఎత్తలేదు. పసిపిల్లని తాడు చేసి మనిషిని లాగడం ఆమెకి చేతకాలేదు.

పైడమ్మ ఎత్తకపోతేనేం, నూకాలమ్మ ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే మనవరాలిని ఎత్తుకుని దిగింది. "ఈ గుంట మూడు దినాల్నించి తిండి తినకండా మూతి సున్నా సుట్టుకుని తిరుగుతంది. సూపిత్తాదట సూడు," అంది.

ముత్యం స్టూలెక్కి మైకు దగ్గర మూతి పెట్టింది. "మావయ్యా, ఈల ఇలగ వెయ్యాల. సూడు."

బుగ్గలు పొంగించి ఊదింది. సగం ఉమ్మే వచ్చింది. మళ్ళీ ఊదింది. ఈసారి సన్నగా, వంకరగా, రెండు పొట్టివి, ఒక పొడుగు. తాత ఈల. తాతని అది ఎన్నడూ చూడలేదు.

డబ్బాలో ఎల్లాజీ మంచం మీంచి లేచి నిలబడ్డాడు. పెదాలు చుట్టి జవాబు ఊదాడు. తుస్సుమంది. నాలికతో పెదాలు తడుపుకుని ఊదాడు. గాలి, ఒట్టి గాలి. వేళ్ళు నోట్లో పెట్టుకుని మెడనరాలు ఉబ్బేలా ఊదాడు. ముత్యం చెవి మైకుకి ఆనించి ఎదురు చూస్తోంది. ఇంకోసారి వేసింది. ఇంకోసారి చూసింది. దాని కింది పెదవి మెల్లగా బయటికొచ్చింది.

"మావయ్య లేడేటి?" అని అడిగింది అమ్మమ్మని.

ఎల్లాజీ గాజు మీద అరచేత్తో దబదబా కొట్టాడు. "అప్పా! తిప్పు! వాల్వు తిప్పీ అప్పా! పిల్ల ఈలేత్తంది, నాను జవాబెయ్యాల!"

శామ్యూల్ అప్పటికే లేచి నిలబడ్డాడు.

పైకి తేవడం అనుకున్నంత సుళువు కాలేదు. తోడు సగం పట్టేసింది. ఒత్తిడి తగ్గిస్తున్న కొద్దీ ఎల్లాజీ చేతులు ఉబ్బాయి, ఊపిరి ఎగశ్వాసైంది. రెండుసార్లు ఆపారు. రెండోసారి ఆపినప్పుడు ఇంక ముందుకూ వెనక్కీ కాకుండా మధ్యలో ఉండిపోతాడేమోనని పైడమ్మ భయపడింది. సగం తోడుకున్న పాలు ఎవరికి పనికొస్తాయి? మళ్ళీ మెల్లగా కదిలించారు. తుంటి నొప్పి ఎక్కడ మొదలైందో అతని మొహంలో కనపడింది. పళ్ళు బిగించాడు గాని ఆపమనలేదు.

చివరి భాగంలో ఒత్తిడి పడిపోతుంటే లోపల చల్లబడి డబ్బా అంతా మంచు కమ్మింది. ఇది ఎప్పుడూ జరిగేదే, గాలి పలచబడితే తేమ పొగమంచవుతుంది. పైడమ్మకి తెలుసు. అయినా కిటికీలన్నీ తెల్లబడిపోయి తమ్ముడు కనపడకపోయేసరికి ఆమె డాక్టరని మర్చిపోయింది.

"ఎల్లాజీ! ఇనపడతందా?"

జవాబు లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. ఆమె మైకు దగ్గర వంగి, పెదాలు చుట్టి ఈల వేసింది. రెండు పొట్టివి, ఒక పొడుగు. చిన్నప్పుడు ఒడ్డు మీద నిలబడి వేసినట్టే వేసింది. మంచులోంచి ఏమీ రాలేదు. మళ్ళీ వేసింది. నాన్న తెప్ప రాని తెల్లవారు ఆమెకి గుర్తొచ్చింది.

లోపల తుస్సుమంది. ఇంకోసారి తుస్సుమంది. ఆ తుస్సులోంచి సన్నని గీతలాంటి ధ్వని లేచి, తెగి, మళ్ళీ లేచింది. రెండు పొట్టివి. ఒక పొడుగు.

నూకాలమ్మ నేల మీద కూలబడి ముత్యాన్ని ముద్దులతో ముంచేసింది. ముత్యం విడిపించుకుని, "బాగైపోయింది మావయ్య ఈల," అని అందరికీ చెప్పింది.

పున్నమి వెళ్ళిన శుక్రవారం నాటికి ఎల్లాజీ చేతుల ఉబ్బు కొంత దిగింది. పూర్తిగా దిగదు. ఇకమీదట సముద్రంలో అల్పపీడనం పుడితే వాతావరణ కేంద్రం కంటే ముందు అతని వేళ్ళకే తెలుస్తుంది. పైడమ్మ ఆ మందుని మనుషులకి ఇవ్వడం ఆపేసింది. దాంతో పాటు ఆమె పదేళ్ళ పేరూ ప్రతిష్ఠా ఆగిపోయాయి. ఇప్పుడు చచ్చిన ఎముకని బతికించే పరిశోధన మీద పడింది. మొదటి నుంచి మొదలుపెట్టాలి. వారానికోసారి తమ్ముణ్ణి మందు లేకుండా, కొద్దిపాటి ఒత్తిడిలో డబ్బాలో పడుకోబెడుతుంది. సగం నొప్పి తగ్గుతుంది. ఆ ఒక్క రాత్రి సగం నిద్ర.

జాలరిపేటలో వాకిట చాప వేసి, ఎల్లాజీని పీట మీద కూర్చోబెట్టి, అతని ఒళ్ళో ముత్యాన్ని కూర్చోబెట్టారు. పిల్ల బరువంతా సరిగ్గా ఎడమ తుంటి మీదే పడింది. పైడమ్మ చూసి జరపబోయింది. ఎల్లాజీ ఒద్దని కళ్ళతోనే చెప్పాడు. కంసాలి తీగ తీశాడు. ముత్యం పేట ఎగిరిపోయేలా అరిచింది. ఎల్లాజీ దాని చెవి దగ్గర మెల్లగా ఈల వేశాడు. ఏడుస్తూనే, వెక్కుతూనే, ముత్యం మూతి సున్నా చుట్టి జవాబు వేసింది. ఆ జవాబు మధ్యలో రెండో చెవి కూడా కుట్టేశాడు కంసాలి.

"పుల్లైసు కావాల," అంది ముత్యం, పోగులు తడుముకుంటూ.

ఎల్లాజీ గోడ పట్టుకుని లేచాడు. నొప్పికి మొహం ఒక్క క్షణం బిగిసింది. కాలు సర్దుకున్నాడు. ఐసు కొనడానికి కుంటుకుంటూ వాకిలి దాటి, ఏదో మర్చిపోయినవాడిలా ఆగి, వెనక్కి తిరిగి అక్క మొహంలోకి చూశాడు.

"ఎల్లొత్తానప్పా," అన్నాడు.

"బేగి రా," అంది పైడమ్మ.